అలుగుకీ రాతి మరకకీ తేడాలు

కొత్తగూడెం,
నవంబరు 2

చి. లిఖితకు,

దీవెనలు సగమే పంపుతున్నాను. మిగతా సగం నీ జవాబు చదివాక.

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు రాళ్ల మీద మరకల గురించి. మిగిలిన అర పేజీలో అన్నం బాగానే ఉడుకుతోందనీ, జ్వరం రాలేదనీ. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని. పిల్లలు ఒక ప్రశ్నకి అవసరం లేనంత పొడుగు జవాబు రాశారంటే పక్క ప్రశ్న చదవలేదని అర్థం. నీ పక్క ప్రశ్న ఏమిటి?

మీ సర్వే కాగితం మీ అమ్మ నాకు చదివి వినిపించింది. "లైకెన్లు, క్షీరదాలు" అని ఉంది. లైకెన్లు వచ్చాయి. క్షీరదాలేవి? రెండు నెలలుగా భద్రాచలం అడవిలో తిరుగుతున్న పిల్లకి ఒక్క కుందేలైనా ఎదురుపడలేదా?

రెండో సంగతి. చర్ల దారిలో క్యాంపు అంటావు. కవరు మీద ముద్ర ఒకసారి దుమ్ముగూడెం, ఒకసారి భద్రాచలం. భూతద్దం పెట్టి మరీ చూశాను. నవ్వకు. ఆ భూతద్దం కింద నాకంటే తెలివైన దొంగలు దొరికారు, కాపీ చీటీలతో సహా.

మూడో సంగతి. ఫోన్లు సార్ దగ్గర పెట్టేశాం, ఇక ఉత్తరాలే అన్నావు. ఇరవై ఆరేళ్ల పిల్ల చేతిలోంచి ఫోను లాక్కునే చోట్లు నాకు తెలిసి రెండే: పరీక్ష హాలు, జైలు. నువ్వు దేనిలో ఉన్నావు?

అబ్బాయి ఎవరైనా ఉంటే సూటిగా రాయి. కులం అడగను. రక్తం గ్రూపు మాత్రం అడుగుతాను.

మీ అమ్మకి ఈ ఉత్తరం సంగతి చెప్పలేదు. దానికి కంగారు ఎక్కువ.

అమ్మమ్మ
(కళావతి, రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్, అనుమానం ఇంకా రిటైరు కాలేదు)


క్యాంపు, చర్ల దారి,
నవంబరు 14

అమ్మమ్మకు,

సగం దీవెనలు అందాయి. అవి కూడా ఒకటిన్నర మనిషికి సరిపోయేంత ఉన్నాయి.

అబ్బాయి లేడు. ఇక్కడున్న మగవాళ్లు ముగ్గురు. సర్వే పెద్ద జైరాం సార్, ఆయనకి యాభై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పి. జీపు నడిపే జంపయ్య, ఆయనకి ఇద్దరు కూతుళ్లు. మాకు అడవి దారులు చూపే ముసలయ్య, పక్క గూడెం కోయ పెద్దమనిషి. ముద్రల రహస్యం జంపయ్యదే. సామాను కోసం ఆ రోజు ఎటు పోతే అటు డబ్బాలో వేస్తాడు. ఇక ఫోన్ల సంగతి: ఫోటో తీస్తే ఎక్కడ తీశామో ఆ ఫోటోలోనే నమోదవుతుంది. అందుకని సార్ ఎవరి దగ్గరా ఉంచనివ్వరు.

నా పని నువ్వనుకున్నంత అనుమానాస్పదం కాదు. క్యాంపు నుంచి తూర్పుగా నడిస్తే రెండు వాగులు. రెండోది దాటి కుడికి తిరిగితే గుట్ట మొదట్లో మూడు బండలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. నడిమి బండ నాది. దాని మీద జానెడు వెడల్పున ఒక వలయం, బూడిదకీ ఆకుపచ్చకీ మధ్య రంగు. నువ్వు మసాలాలో వేసే రాతిపువ్వుకి ఇది దూరపు చుట్టం. కాని రాయిని వదిలి రాదు, గీకితే పొడైపోతుంది, ఎవరికీ పనికిరాదు. ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగదు. సార్ లెక్కన దీని వయసు రెండు వందల డెబ్బై ఏళ్లు. పొద్దున్నే దాని ముందు కూర్చుని అంచులు కొలుస్తుంటే, పెద్దవాళ్ల కాళ్ల దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది.

ముసలయ్య నా పుస్తకంలోకి తొంగిచూసి, "ఏంది బిడ్డా, మరకకు గూడ నంబరేస్తవా?" అన్నాడు. అవునన్నాను. "గట్లయితే నా అంగీ మీద శానా ఉన్నయ్, రాస్కో" అన్నాడు.

మంచివాడే. కాని నేను ఏం రాసినా వెనక నిలబడి చూస్తాడు. "అన్నీ ఎక్కియ్యకు బిడ్డా, కాయితం నడుస్తది" అంటాడు. పొద్దున మేం లేవకముందే ఎటో వెళ్లొస్తాడు. అడిగితే నవ్వుతాడు.

అన్నట్టు, ఊరికే అడుగుతున్నా. నీ పాత నోట్సులో పళ్లు లేని జంతువుల పాఠం ఉండాలి. తల్లి తోక మీద ఎక్కి తిరిగే పిల్ల, ఎన్నాళ్లకి ఎక్కుతుంది, ఎన్నాళ్లకి దిగుతుంది?

మిగతా సగం పంపు.

లిఖిత


కొత్తగూడెం,
నవంబరు 22

చి. లిఖితకు,

"ఊరికే అడుగుతున్నా" అన్నవాళ్లెవరూ ఊరికే అడగరు.

నెల తిరిగేసరికి తోకెక్కుతుంది. మూడు నాలుగు నెలలదాకా దిగదు. ఇప్పుడు నా ప్రశ్న. మన అడవుల్లో పళ్లు లేకుండా, పిల్లని తోక మీద మోసే జంతువు ఒక్కటే ఉంది. అలుగు. ఒంటి నిండా పొలుసులుంటాయి కాబట్టి మా క్లాసులో ఏటా పదిమంది దాన్ని సరీసృపమని రాసి మార్కు పోగొట్టుకునేవాళ్లు. నీ క్షీరదం దొరికింది, కదూ? రెండు నెలలుగా మరకలు చూపించి నా కళ్లు కప్పుతున్నావు.

నువ్వు కొలిచేదాన్నీ, నువ్వు దాచేదాన్నీ పక్కపక్కన పెట్టి కాగితం మీద రెండు గడులు గీశాను. పాత అలవాటు. "తేడాలు రాయుము."

అలుగు ఒక్క ప్రాణి. చూడ్డానికి బల్లి, చేపా కలిసినట్టుంటుంది గాని, పిల్లకి పాలిస్తుంది కాబట్టి మనవైపే. లైకెన్ చూడ్డానికి ఒక్కటి, లెక్కకి రెండు. శిలీంధ్రం ఇల్లు కడుతుంది. శైవలం లోపల కూర్చుని ఎండలో వంట చేస్తుంది. ఇద్దరూ కలిసి తింటారు. శాస్త్రం పేరు పెట్టాల్సివచ్చేసరికి మాత్రం శిలీంధ్రం పేరే. వండేది ఒకరు, ఇంటిపేరు ఇంకొకరిది. ఈ పాఠం నాకు పుస్తకం తెరవకముందే వచ్చు, నలభై ఏళ్లు మీ తాత వంటింట్లో చదువుకున్నాను.

అలుగు బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది, పులికి కూడా విప్పడం చేతకాదు. మనిషికి మాత్రం సులువు, చంకన పెట్టుకుని పోవచ్చు. లైకెన్‌కి బెదరడమే రాదు.

ఆ తర్వాత, నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని పటం కూడా గీశాను. అ అంటే నీ క్యాంపు. ఆ అంటే రెండో వాగు. ఇ అంటే నడిమి బండ, దాని కింద అలుగు బొరియ. ఎవరికీ పనికిరాని మరక ముందు పొద్దున్నే పోయి ఎవరూ కూర్చోరు. కూర్చున్నావంటే ఆ బండ కింద ఇంకేదో ఉంది. నన్ను తప్పించుకోవడం మీ అమ్మకే చేతకాలేదు.

ముసలయ్య సంగతి నాకు నచ్చలేదు. రాయొద్దనే మనిషి దేనికి వద్దంటున్నాడో చూసుకోవాలి. మీకంటే ముందే లేచి ఎటు పోతున్నాడు? నవ్వు జవాబు కాదు. నా క్లాసులో నవ్వినవాడి జేబులే ముందు వెతికేదాన్ని.

మా వీధి చివరి స్కూలు హెడ్‌మాస్టరు బసవపున్నయ్య వచ్చి వెళ్లాడు. నా దగ్గర చదువుకున్నవాడే, ఇప్పటికీ నా ముందు కుర్చీ అంచు మీదే కూర్చుంటాడు. డిసెంబరులో సైన్సు ప్రదర్శనకి ఒక చార్టు గీసిమ్మని అడిగాడు. చూద్దామన్నాను.

నిజం రాయి. పావు దీవెన ఇందులో పెట్టాను. పావు బాకీ.

అమ్మమ్మ


క్యాంపు,
డిసెంబరు 1

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివిన వెంటనే ఇది రాస్తున్నాను. నువ్వు కనిపెట్టింది నిజమే. అలుగు ఉంది. తల్లీ, పిల్లా. ఈ సంగతి సార్‌కి, నాకు, ముసలయ్యకి తప్ప జంపయ్యకి కూడా తెలియదు. ఇప్పుడు నీకు తెలుసు.

ఇక్కడి గుట్ట మీద గ్రానైటు క్వారీ కావాలని ఎవరో దరఖాస్తు పెట్టారు. మా సర్వే నివేదిక ఫిబ్రవరిలో వెళ్తుంది. అందులో నా రాతి మరక గురించి పది పేజీలు రాసినా గుట్ట ఆగదు. లైకెన్ ఏ షెడ్యూలులోనూ లేదు. చట్టం దృష్టిలో అది రాయి మీది రంగు. అలుగు అని ఒక్క ముక్క రాస్తే ఆగుతుంది, అది వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. కాని ఆ ముక్క పక్కన చోటు కూడా రాయాలి. ఆ కాగితం ఎనిమిది బల్లల మీదుగా పోతుంది. రెండేళ్ల కిందట ఇంకో అడవిలో సార్ అలాగే రాశారు. పన్నెండో రోజుకి బొరియలో పొగబెట్టి తవ్వేశారు.

చట్టం లేనిదాన్ని కాపాడలేం. చట్టం ఉన్నదాన్ని కాపాడాలంటే అది ఎక్కడుందో అందరికీ చెప్పాలి. నాకు ఈ రెంటి మధ్య నిద్ర పట్టడం లేదు.

తల్లీ పిల్లా కలిసి ఉన్న ఫోటో ఒక్కటి మా కెమెరాలో పడితే, చోటు రాయకుండా సార్ నేరుగా పెద్ద ఆఫీసరు చేతిలో పెడతారు. అంతదాకా ఎవరితోనూ అనకు. ఆ పటం చింపెయ్యి. ఈ ఉత్తరం కూడా.

ముసలయ్య పొద్దున వెళ్లేది బొరియ చూసి రావడానికే. పొలుసులు కొనేవాళ్లు ఏ దారిన దిగుతారో ఆయనకి బాగా తెలుసు. ఒకప్పుడు ఆయన అన్న వాళ్లకి దారి చూపాడట. ఆయనే చెప్పాడు.

నాకు మాట ఇవ్వు.

లిఖిత


కొత్తగూడెం,
డిసెంబరు 7

చి. లిఖితకు పూర్తి దీవెనలు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. పటం ఇప్పుడు లేదు. చింపేశాను. నిశ్చింతగా ఉండు.

ఆరోగ్యం జాగ్రత్త. చలి మొదలైంది, చెవులకి గుడ్డ కట్టుకో.

కొత్తవాళ్లెవరైనా అటు వస్తున్నారా? బండి చప్పుడు ఏమైనా వినిపిస్తోందా? వస్తే వెంటనే రాయి. జంపయ్యని భద్రాచలం దాకా పంపైనా సరే.

ముసలయ్య విషయం మళ్లీ చెబుతున్నాను. అన్న దారి చూపినవాడైతే తమ్ముడికి దారి తెలియకుండా ఉంటుందా? తనంతట తానే చెప్పాడంటున్నావు. దొరికిపోతామని భయమున్నవాళ్లు సగం నిజం ముందే చెప్పేస్తారు, మిగతా సగం ఎవరూ అడగరని. రేపు ఏదైనా అయితే మొదట చూడవలసింది ఆయన వైపే. సార్‌కి చెప్పి కొన్నాళ్లు పనికి రావద్దను. పెద్దదాని మాట విను.

అమ్మమ్మ


క్యాంపు,
డిసెంబరు 19

కళావతి గారికి,

మీ మాట విన్నాను. సార్‌తో చెప్పాను. పదకొండో తారీఖున ముసలయ్యని రేపటినుంచి రావద్దన్నాం. ఎందుకని అడగలేదు. "అవ్ బిడ్డా. మీ అడివి గాదు, మీ కాయితం. మీ ఇష్టం" అని గొడ్డలి భుజానేసుకుని పోయాడు.

పదహారో తారీఖు మధ్యాహ్నం ముగ్గురు మగవాళ్లు రెండు బండ్ల మీద, గడ్డపారలతో వచ్చారు. ఎవరినీ దారి అడగలేదు. సూటిగా రెండో వాగు దాటి, కుడికి తిరిగి, మూడు బండల దగ్గరికి వెళ్లారు. నేను, సార్ ఆ పూట ఇంకో గుట్ట మీద ఉన్నాం. పని లేదు కాబట్టి ముసలయ్య ఎదుటి వాలులో అడ్డాకులు కోసుకుంటున్నాడు. పొగ చూసి కేకలేశాడు. గూడెం వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఇద్దరు పారిపోయారు, ఒకడు దొరికాడు. వాళ్లు పెట్టిన మంటని ముసలయ్య పచ్చి కొమ్మతో కొట్టి ఆర్పాడు. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. చర్ల దవాఖానాలో ఉన్నాడు.

దొరికినవాడి ఫోను ఫారెస్టు వాళ్లు మాకు చూపించారు. అందులో ఒక పటం ఫోటో ఉంది. స్కేలు పెట్టి గీసిన బాణాలు. మూలన ఉత్తర దిక్కు గుర్తు. అ, ఆ, ఇ, ఒక్కో అక్షరం చుట్టూ సున్నా. ఆ సున్నాలు నాకు తెలుసు. ఒకటో తరగతి నుంచి నా నోటు పుస్తకాల్లో చూసినవే.

అది వాడి ఫోన్లోకి ఎలా వచ్చింది? ఒకటే ప్రశ్న. పొడుగు జవాబు వద్దు.

లిఖిత


కొత్తగూడెం,
డిసెంబరు 23

లిఖితా,

నా వల్ల వచ్చింది.

డిసెంబరు ఐదు, ఆరు తారీఖుల్లో బసవపున్నయ్య స్కూల్లో ప్రదర్శన. నేను గీసిచ్చిన చార్టు పేరు "లైకెన్, అలుగు: తేడాలు." వర్గీకరణ, ఆహారం, సంతానం, రక్షణ, అన్ని గడులూ నిండాయి. ఆవాసం అన్న గడి ఒక్కటి మిగిలింది. పటం లేని జవాబుకి ముప్ఫై నాలుగేళ్లు అర మార్కు కోసినదాన్ని. ఆ గడి ఖాళీగా పెట్టి గోడకి వేలాడదీయడం నా చేత కాలేదు. ఊరి పేరు రాయలేదు, వాగులకి పేర్లు లేవు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. నిజానికి అది కూడా కాదు. నువ్వు దాచినదాన్ని నేను కనిపెట్టానని గోడ మీద చూసుకోవాలనిపించింది.

తల్లిదండ్రులు ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. నాకు ముచ్చటేసింది. ఒకాయన అడిగాడు, "మేడమ్, ఇది మన చర్ల దారి గదా, మా బామ్మర్దిది అటే" అని. శభాష్ అన్నాను. పటం చదవడం వచ్చినవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు తెలియదు. ఎవరి ఫోటో ఎవరి గ్రూపులోంచి ఎటు పోయిందో ఇప్పుడు బసవపున్నయ్యా చెప్పలేడు, నేనూ చెప్పలేను.

ఆరో తారీఖు మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. ఆటో ఎక్కి పోయి చార్టు గోడమీంచి లాగేశాను. బసవపున్నయ్య బహుమతి ఇవ్వబోతూ నోరు తెరుచుకుని చూశాడు. అందులో ఒక తప్పుందని చెప్పాను. ఏ తప్పో చెప్పలేదు.

మర్నాడు నీకు ఉత్తరం రాశాను. అందులో ఏం రాశానో నీకు తెలుసు. నాకు ముసలయ్య మీద అనుమానం ముందు నుంచీ ఉంది, అది నిజం. కాని ఏడో తారీఖున రాసింది అనుమానం కాదు. వేలు ఎటు తిరగాలో తెలిసి ఇంకోవైపు తిప్పడం. పిల్లలు చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని.

అలుగు ఏమైందో నువ్వు రాయలేదు. అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను.

కళావతి


క్యాంపు,
జనవరి 3

అమ్మమ్మా,

అలుగు బతికే ఉంది. తల్లీ, పిల్లా రెండూ. అది అసలు ఆ బండ కింద లేదు, ఎప్పుడూ లేదు. ఎక్కడుందో నీకు చెప్పను, ఏమీ అనుకోకు.

నువ్వు నవంబరులో "ఇ అంటే బొరియ" అని రాసినప్పుడే పొరపాటని నాకు తెలుసు. దిద్దలేదు. నీ నోటి నుంచి ఎప్పుడైనా జారినా, వచ్చినవాడు నా మరక దగ్గరికే వస్తాడు, దాన్నెవడు ఎత్తుకుపోతాడు అనుకున్నాను. నిన్ను నమ్మలేదు నేను. నమ్మక, నా లైకెన్‌ని కాపలా పెట్టాను.

వాళ్లు నడిమి బండని గడ్డపారలతో పెకలించారు. సందులో ఎండుకట్టెలు పేర్చి మంట పెట్టారు. వేడికి రాయి పైపొర పెళుసుగా ఊడిపోయింది. వలయం మొత్తం పోయింది. అంచున నా బొటనవేలి గోరంత మిగిలింది, అది కూడా ఉంటుందో లేదో. రెండు వందల డెబ్బై ఏళ్లు. నేను దానికి నంబరిచ్చాను, అడ్డం కూడా పెట్టాను.

ఏడ్చాక లెక్కలు చూసుకున్నాం. కెమెరాలో తోక ఒక్కటే పడింది. పెద్ద ఆఫీసరు అది ఉడుము తోక కాదని ఎలా చెప్తారు అన్నారట. దొరికినవాడు తేనె కోసం పొగ పెట్టామంటున్నాడు. వాడి ఫోనులో ఉన్నది పటం ముక్క మాత్రమే, కింద వివరణ లేదు. "ఇ" అంటే ఏమిటో ఆ ఫోటోలో ఎక్కడా రాసిలేదు. రేంజి ఆఫీసరు ద్వాలి గారు మంచావిడే, కాని ఆవిడ మాట ఇది: "జంతువు దొరకలే, పొలుసు దొరకలే. రాయి దొర్లిందని కేసు ఎట్ల రాయాలె?"

వేటాడబోవడం కూడా వేటే, చట్టంలో అలాగే ఉంది. అలుగు పేరుతో కేసు నంబరు పడితే విచారణ తేలేదాకా క్వారీ దరఖాస్తు పక్కన పెట్టాల్సిందేనని సార్ అంటున్నారు. పైగా కాగితాల్లో ఎక్కే చోటు అసలు చోటు కాదు.

ఆ "ఇ" అలుగు బొరియ అని, గీసిన చేత్తో చెప్పగలిగింది నువ్వొక్కదానివే. చెబితే నిన్ను కూడా కేసులో పెట్టొచ్చు. వయసు చూసి వదులుతారన్న హామీ లేదు. పేపర్లో పేరు రావచ్చు. అమ్మమ్మని అడగొద్దన్నారు సార్. నేను అడుగుతున్నాను.

లిఖిత


భద్రాచలం,
జనవరి 21

చి. లిఖితకు,

నువ్వు నమూనాలు పట్టుకుని హైదరాబాదు వెళ్లావని జంపయ్య చెప్పాడు. వెళ్తావని తెలిసే ఈ వారం వచ్చాను. మనవరాలు చూస్తుండగా ఒప్పుకునేంత ధైర్యం లేదు.

ముందు ముసలయ్య ఇంటికి పోయాను. చేతికి కట్టు ఉంది. ఆయన భార్య ఆదెమ్మ మంచినీళ్లు ఇచ్చింది, కూర్చోమనలేదు. నేను కూర్చోలేదు.

"లిఖిత అమ్మమ్మని" అన్నాను.

"ఎరుకే. బిడ్డ అంతా చెప్పింది. సున్నాలు గీసే టీచరమ్మ" అన్నాడు.

"నిన్ను దొంగ అనుకున్నాను ముసలయ్యా. తప్పయింది."

"అనుకునుడేంది, రాసినవ్ గద. అనుకుంటే నీ కడుపుల్నే ఉండు. రాస్తే నా కడుపు మీద వడ్డది."

ఆదెమ్మ అందుకుంది. "నలభై దినాల కూలి పోయింది, చెయ్యి పోయింది. ఇప్పుడొచ్చి మాట చెప్తే మండుడు తగ్గుతదా?"

తగ్గదన్నాను. క్షమించమని అడగలేదు, ఆయన క్షమించానని అనలేదు. కాని రేంజి ఆఫీసుకు పోతున్నానంటే తువ్వాలు భుజానేసుకుని లేచాడు. "నువ్వొక్కదానివే పోతే మళ్ల ఏం రాసొస్తవో" అన్నాడు. దారిలో బండ దగ్గర ఆగాం. నువ్వు రాసింది చదివినప్పుడు నాకు నీ బాధ అర్థమైంది. చూసినప్పుడు వయసు అర్థమైంది. నేను డెబ్బై ఒకటికే పెద్దదాన్నని చెప్పుకుని తిరుగుతున్నాను.

ద్వాలి ముప్ఫై ఏళ్ల పిల్ల. ఫారం ముందేసుకుంది. నేను అంతా చెప్పాను. పటం నాది, సున్నాలు నావి, ఇ అంటే అలుగు బొరియ, గోడకి వేలాడదీసింది నేను. ఆ పిల్ల కలం ఆపింది.

"మేడమ్, మీరు సాక్షా, నిందితురాలా? ఇక్కడ ఒక్కటే రాయాలె."

"రెండూ నేనే."

"రెండు గడులు ఒక మనిషికి రావు మేడమ్."

"అయితే నిందితురాలు రాయి. సాక్ష్యం చెప్పకుండా ఎక్కడికి పోతాను?"

"ఆలోచించుకోండ్రి. కోర్టుకు తిరగాలె. ఈ వయసుల అవసరమా?"

"వయసు గురించి ఆ బండ దగ్గర మాట్లాడు" అన్నాను. రాసింది. ముగ్గురు మగవాళ్లు ఏ-1, ఏ-2, ఏ-3. నేను ఏ-4. జీవితంలో మొదటిసారి క్లాసులో ఆఖరున వచ్చాను.

తర్వాత నష్టం అన్న గడి వచ్చింది. జంతువు క్షేమం కాబట్టి "లేదు" అని రాయబోయింది. ఆపాను. అరగంట పాఠం చెప్పాను, శిలీంధ్రం, శైవలం, ఇల్లు, వంట. శ్రద్ధగా విన్నది. "షెడ్యూలులో లేదు గద మేడమ్" అంది. లేదన్నాను. షెడ్యూలు గడిలో రాయొద్దు, పోయినదాన్ని పోయిందని రాయడానికి ఏ సెక్షను అడ్డమని అడిగాను. ఫారం మళ్లీ దగ్గరికి లాక్కుని, రాసింది: "రాతిపై పెరుగు లైకెన్ అను జీవి, జానెడు వెడల్పు."

"సంఖ్య ఎంత వెయ్యాలె? ఇప్పుడే రెండన్నరు గద."

"ఒకటి వెయ్యి" అన్నాను. "విడివిడిగా బతకలేవు."

యథాస్థితికి వచ్చుటకు పట్టు కాలం అని కింద ఇంకో గడి ఉంది. చెట్లు నరికినప్పుడు నింపేదట. రెండు వందల డెబ్బై సంవత్సరాలు అన్నాను. ద్వాలి నా ముఖంలో హాస్యం కోసం వెతికింది. దొరకలేదు. అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాసింది. ముసలయ్య ఎడమ చేత్తో సాక్షి సంతకం పెట్టాడు, వంకరగా. నేను దాని కింద పెట్టాను. నాది అంతకంటే వంకరగా వచ్చింది.

కేసు నంబరు పడింది. క్వారీ దరఖాస్తు కాగితానికి ఆ నంబరు జత చేసి పైకి పంపుతానని ద్వాలి నా ఎదుటే పిన్ను గుచ్చింది. మార్చి నాలుగున కోర్టుకి రమ్మన్నారు. మీ అమ్మకి ఇంకా తెలియదు. నువ్వే చెప్పు, నేను చెబితే కేసు కంటే గొడవ పెద్దదవుతుంది.

నా మీద కోపంగా ఉంటే ఉండు. దాన్ని తొందరగా పోగొట్టుకోనక్కర్లేదు. ఆఫీసు నుంచి ముసలయ్య ఇంటికి తిరిగొచ్చిన గంటకి ఆదెమ్మ పీట వేసింది, కూర్చున్నాను. ఇప్పుడు రాయడానికి అంతే ఉంది.

అమ్మమ్మ (ఏ-4)